చాయిస్‌లో వదిలేసిన పాఠం

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, అందరిలాగే మేమూ హాస్టల్ జ్ఞాపకాలు రాస్తామని అనుకుని ఉంటారు. ట్రంకు పెట్టెలు, స్టడీ అవర్, ఆదివారం కూర, సెలవులకు ఇంటికి పోవడానికి మహదేవపూర్ బస్టాండులో గంటల తరబడి ఎదురుచూపులు... ఇవన్నీ రాయదగ్గవే. కానీ మేము ఈసారి ఒక పాఠం గురించి రాయదలిచాం. ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ పుస్తకంలో చివరి వైపున ఉంటుంది. పేరు ద్వంద్వ స్వభావం. క్వాంటం భౌతికశాస్త్రానికి గుమ్మం అదే.

మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు ఇంటర్ చదివే ఒక తమ్ముణ్ణి అడిగాం, ఆ పాఠం ఎంతవరకు వచ్చిందని. "అది చాయిస్‌ల ఇడిసిపెట్టినం అన్నా" అన్నాడు. ఎందుకని అడిగితే, "రెండు మార్కులకే గదన్నా" అని నవ్వాడు. మాకూ నవ్వు వచ్చింది. ఎందుకంటే ఐదారేళ్ల కింద మేము చెప్పిన జవాబూ అదే. గైడులో ఇచ్చిన రెండు వాక్యాలు కంఠస్థం చేసి, మిగతా పేజీలు తిప్పకుండానే పరీక్ష రాశాం. మార్కులు వచ్చాయి. పాఠం రాలేదు.

అలా వదిలేయడాన్ని మేము తప్పు పట్టడం లేదు. స్కాలర్‌షిప్ ఆగకూడదంటే పాస్ కావాలి. ఫెయిలయితే ట్యూషన్ పెట్టించే స్తోమత ఇంట్లో ఉండదు, ఇంకో ఏడాది కూర్చోబెట్టి చదివించే ఓపికా ఉండదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి వాళ్లం మేమే కాబట్టి ఆ భయం మాకు బాగా తెలుసు. అలాంటప్పుడు ఏ పాఠానికి ఎన్ని మార్కులో లెక్క చూసుకుని చదవడం తెలివితక్కువ పనేమీ కాదు. మా అభ్యంతరమల్లా ఒక్కటే. పరీక్షకు ముందు చాయిస్‌లో వదిలేసిన దాన్ని పరీక్ష అయిపోయాక కూడా వదిలేస్తున్నాం. డిగ్రీలో మళ్లీ అదే పాఠం వస్తే మళ్లీ వదిలేస్తున్నాం. చివరికి "అది మనసొంటోళ్లకు కాదు" అని మనకు మనమే తీర్పు చెప్పుకుంటున్నాం. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టరులో క్వాంటం పేపరు ముందు కూర్చున్నప్పుడు మాకు ఆ తీర్పు ఎంత ఖరీదైందో తెలిసింది. పక్కన ఉన్నవాళ్లు సమీకరణాలు సాధిస్తుంటే మేము ఇంటర్ పుస్తకం మళ్లీ తెరిచి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పుడు చదివితే ఆశ్చర్యం వేసింది. ఇందులో అర్థం కానిది ఏముందని వదిలేశాం? ఆ మాట మీకూ చెప్పాలనే ఈ వ్యాసం.

ముందుగా సంప్రదాయ భౌతికశాస్త్రం సంగతి చూద్దాం. న్యూటన్ 1687లో ప్రచురించిన చలన నియమాలు, 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ, 1860లలో మాక్స్‌వెల్ రాసిన సమీకరణాలు దీనికి మూలస్తంభాలు. దీని ప్రయోగశాల మన మండలంలోనే ఉంది. కన్నెపల్లి పంపుహౌసు మనలో చాలామంది చూసే ఉంటారు. గోదావరి నీటిని కింది నుంచి పైకి ఎత్తడానికి ఎంత కరెంటు కావాలన్నది బడిలో మనం చదివే ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల గుణకారమే. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, అంటే సుమారు 2 కోట్ల 83 లక్షల టన్నుల నీరు. దాన్ని 100 మీటర్ల ఎత్తుకు లేపాలంటే, మోటార్లలో, పైపుల్లో జరిగే నష్టాలు లెక్కలోకి తీసుకోకపోయినా సుమారు 77 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. కాగితం మీద మూడు లైన్లలో తేలే లెక్క ఇది. కాళేశ్వరం ప్రాజెక్టు 2019 జూన్‌లో ప్రారంభమైనప్పుడు గానీ, 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు గానీ, మన ఊళ్లల్లో హోటళ్ల దగ్గర ఎన్నో వాదనలు జరిగాయి. వాటిలో ఎంతమందిమి ఈ మూడు లైన్ల లెక్క వేసి మాట్లాడాం? పది మీటర్ల లోతు నీరు అడుగున ప్రతి చదరపు మీటరు మీద సుమారు పది టన్నుల బరువు మోపుతుందని, ఆ ఒత్తిడికే నీరు ఇసుక సందుల్లోంచి దారి వెతుక్కుంటుందని ఎంతమందిమి చెప్పగలిగాం? పాఠం వచ్చిన మనిషి మాటకు బలం ఉంటుంది. రాని మనిషి ఎవరో చెప్పింది నమ్మాల్సిందే.

కాబట్టి కాలువ తవ్వాలన్నా, వంతెన కట్టాలన్నా, రాకెట్ వదలాలన్నా న్యూటన్ చాలు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండరు చంద్రుడి మీద దిగింది కూడా ఆ నియమాల మీద వేసుకున్న లెక్కలతోనే. మరి చాలనిది ఎక్కడ?

కొలిమి దగ్గర. వానాకాలం ముందు నాగలి కర్రు కొట్టించడానికి నాయినల వెంట కమ్మరి కొలిమి దగ్గరకు పోయినవాళ్లు మనలో ఉన్నారు. ఇనుము కాలుతున్న కొద్దీ ముందు ముదురు ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు, ఇంకా కాలిస్తే తెలుపు. రంగు చూసే ఇనుము ఎంత కాగిందో కమ్మరి చెప్పేస్తాడు. ఇంత మామూలు విషయాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు లెక్కగట్టి వివరించలేకపోయారు. అప్పటికున్న సిద్ధాంతం ప్రకారం కాలిన వస్తువు నుంచి తరంగదైర్ఘ్యం తగ్గిన కొద్దీ వెలువడే కాంతి పెరుగుతూ పోవాలి. అంటే ఊదా రంగులోనూ, దాన్ని దాటిన అతినీలలోహితంలోనూ అంతులేని శక్తి బయటికి రావాలి. అదే నిజమైతే కొలిమి దగ్గర కూర్చున్న కమ్మరికి చూపు ఉండదు, మన ఇంటి పొయ్యి ముందు అమ్మకూ ఉండదు. లెక్కకూ లోకానికీ పొత్తు కుదరలేదు.

1900 డిసెంబరు 14న జర్మనీలో మాక్స్ ప్లాంక్ ఒక మాట చెప్పాడు. శక్తి వెలువడటం నీళ్లు పారినట్టు కాకుండా, గింజ గింజగా జరుగుతుందని అనుకుంటే లెక్క సరిపోతుందన్నాడు. ఒక్కో గింజలో ఎంత శక్తి ఉంటుందన్నది ఆ కాంతి పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. పౌనఃపున్యాన్ని ఒక స్థిరాంకంతో గుణిస్తే గింజ శక్తి వస్తుంది. ఆ స్థిరాంకమే ప్లాంక్ స్థిరాంకం. జౌల్-సెకన్లలో రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 33 సున్నాలు పెట్టి, ఆపైన 6626 రాయాలి. అంత చిన్నది కాబట్టే మనకు గింజలు కనిపించవు. హాస్టల్ స్టోర్ రూములో బస్తా విప్పి బియ్యం పోస్తుంటే దూరం నుంచి ధారలా కనిపిస్తుంది. దగ్గరికి పోయి చెయ్యి పెడితే గింజలు తగులుతాయి. కాంతి సంగతీ అలాంటిదే. క్వాంటం అనే మాటకు అర్థం ఇంతే, ఇంత పరిమాణం అని. దీన్ని చూసి భయపడాల్సింది ఏముంది?

ఈ గింజ నిజంగా ఉందని చూపించేదే కాంతి విద్యుత్ ఫలితం. ఇది మన గైడులో రెండు మార్కుల ప్రశ్న. కొన్ని లోహాల మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. సీజియం అనే లోహం మీద ఎర్ర కాంతి ఎంత బలంగా, ఎంతసేపు వేసినా ఒక్క ఎలక్ట్రాను రాదు. నీలి కాంతి ఎంత బలహీనంగా వేసినా వెంటనే వస్తుంది. కాంతి అల మాత్రమే అయితే ఇది జరగకూడదు. ఎర్ర కాంతే అయినా గంటసేపు వేస్తే శక్తి పోగుపడి ఎలక్ట్రాను బయటపడాలి గదా?

దీన్ని మన హాస్టల్ ప్రహరీ గోడతో అర్థం చేసుకోవచ్చు. సినిమాకు గోడ దూకిన చరిత్ర ఏ హాస్టల్‌కు లేదు? ఐదడుగుల గోడ ఉందనుకోండి. మూడడుగులు ఎగరగలిగే పిల్లలు వందమంది వచ్చినా, రాత్రంతా ఎగిరినా, ఒక్కడూ అవతలికి పోడు. వందమంది ఎగిరిన ఎత్తు కలిపితే మూడు వందల అడుగులని లెక్క చెప్పినా గోడ ఊరుకోదు. ఆరడుగులు ఎగరగలిగే అన్న ఒక్కడొస్తే మొదటి ఎగురుకే అవతల ఉంటాడు. ఎర్ర కాంతి గింజ ఒక్కొక్కటి సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి మోస్తుంది. సీజియం గోడ ఎత్తు సుమారు 2.1. నీలి కాంతి గింజ శక్తి 2.7 దాకా ఉంటుంది. అందుకే ఎరుపు ఓడింది, నీలం గెలిచింది. 1905లో ఈ వివరణ ఇచ్చినందుకే ఐన్‌స్టీన్‌కు 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆయన పేరు వినగానే అందరికీ గుర్తొచ్చే సాపేక్ష సిద్ధాంతానికి కాదు. అమెరికాలో మిల్లికాన్ అనే ఆయన ఈ వివరణ తప్పని తేల్చాలని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1916 నాటికి లెక్క అక్షరాలా సరిపోయిందని తానే చూపించాల్సి వచ్చింది. నచ్చని సిద్ధాంతమైనా ప్రయోగం తేల్చినదాన్ని దాచకుండా ప్రకటించాడు. సైన్సు పద్ధతి అది.

అలాగని కాంతి అల కాకుండా పోలేదు. సన్నని చీలికల గుండా పంపితే చెరువులో రెండు రాళ్లు వేసినప్పుడు అలలు కలిసినట్టే కలుస్తుంది. ఇక్కడ వెలుగు, ఇక్కడ చీకటి అని చారలు పడతాయి. 1924లో ఫ్రాన్సుకు చెందిన డి బ్రోగ్లీ ఇంకో అడుగు ముందుకు వేశాడు. అల అనుకున్నది గింజ అయినప్పుడు, గింజ అనుకున్న ఎలక్ట్రాను అల ఎందుకు కాకూడదని అడిగాడు. ప్లాంక్ స్థిరాంకాన్ని వస్తువు ద్రవ్యవేగంతో భాగిస్తే దాని తరంగదైర్ఘ్యం వస్తుందన్నాడు. 1927లో డేవిసన్, జెర్మర్ నికెల్ స్ఫటికం మీద 54 వోల్టుల ఎలక్ట్రాన్లను వదిలి చూస్తే ఆ లెక్క నిజమైంది. 1989లో జపానులో టొనొమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపింది. తెర మీద ఒక్కో చుక్క పడింది. వేల చుక్కలు పడేసరికి అవే చారలయ్యాయి. ఒక్కో ఎలక్ట్రాను ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఎక్కడెక్కడ ఎక్కువగా పడతాయో మాత్రం లెక్క కచ్చితంగా చెబుతుంది.

మరి మన గ్రౌండులో క్రికెట్ బంతి అలలా ఎందుకు పోదు? 150 గ్రాముల బంతిని సెకనుకు 30 మీటర్ల వేగంతో విసిరితే దాని తరంగదైర్ఘ్యం మీటర్లలో దశాంశ బిందువు తర్వాత 33 సున్నాలు దాటాక మొదలవుతుంది. పరమాణు కేంద్రకంలోని ప్రోటాను కూడా దాని పక్కన కొండలా ఉంటుంది. ఆ అలను పట్టే చీలిక లోకంలో లేదు. కాబట్టి బంతి న్యూటన్ చెప్పినట్టే పోతుంది. ఎలక్ట్రాను తేలికది కనుక దాని తరంగదైర్ఘ్యం స్ఫటికంలో పరమాణువుల మధ్య ఎడం అంత ఉంటుంది. అక్కడ న్యూటన్ లెక్క పనికిరాదు.

ఇక హైజన్‌బర్గ్ 1927లో చెప్పిన అనిశ్చితత్వ నియమం. ఎలక్ట్రాను ఉన్న చోటు, దాని ద్రవ్యవేగం రెండూ ఒకేసారి కచ్చితంగా ఉండవని దీని సారాంశం. ఇది మన పరికరాలు బాగాలేక వచ్చిన చిక్కు కాదు. అలకు ఉండే గుణమే అది. మన డప్పు తీసుకోండి. సిర్రతో ఒక్క దెబ్బ కొట్టి వెంటనే చేత్తో ఆపితే, దెబ్బ ఎప్పుడు పడిందో కచ్చితంగా చెప్పొచ్చు. దాని శ్రుతి ఏమిటంటే చెప్పలేం. సన్నాయి మీద ఒకే స్వరం చాలాసేపు పట్టి ఉంచితే శ్రుతి కచ్చితంగా తెలుస్తుంది. ఆ స్వరం ఏ క్షణానిదంటే జవాబు లేదు, అది అంతసేపూ ఉంది. రెండూ ఒకే చప్పుడులో దొరకవు. డప్పు కొట్టే ఇళ్లల్లో పుట్టిన మనకు ఈ నియమం అర్థం కాదని ఎవరు చెప్పారు?

ఇక్కడ కొందరు ఇంకో పొరపాటు చేస్తారు. కొత్త సైన్సు వచ్చింది కాబట్టి న్యూటన్ తప్పని తేలిపోయిందంటారు. కాళేశ్వరం వెళ్లి సంగమం దగ్గర నిలబడి చూడండి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఉపనదులన్నిటిలో పెద్దది ప్రాణహితే. కలిసిన తర్వాత నదిని గోదావరి అనే అంటాం, కానీ పారేదాంట్లో ప్రాణహిత నీళ్లు ఎన్నో ఉంటాయి. మన కంటికి కనిపించే లోకమూ అంతే. పేరు న్యూటన్‌ది, లోపల పారేది పరమాణువుల క్వాంటం ధర్మం. కోట్ల కోట్ల పరమాణువులు కలిసిన పెద్ద వస్తువుకు క్వాంటం లెక్క వేస్తే న్యూటన్ లెక్క దగ్గరికే వస్తుంది. చెల్పూరు థర్మల్ స్టేషన్‌లో బొగ్గు మండి, ఆవిరి పుట్టి, టర్బైను తిరిగి కరెంటు రావడం సంప్రదాయ భౌతికశాస్త్రం పని. ఆ కరెంటుతో మన స్టడీ హాల్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బు, జేబులో సెల్‌ఫోను, కప్పు మీద సోలార్ పలక క్వాంటం శాస్త్రం లేకుండా పుట్టేవి కావు. ఎల్‌ఈడీ బల్బుకు ప్రాణమైన నీలి కాంతి డయోడును తయారుచేసినందుకు 2014లో ముగ్గురు జపాను మూలాల శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. ఒక్క గదిలో రెండు శాస్త్రాలూ పనిచేస్తున్నాయి, మనం వాటి వెలుగులో కూర్చుని వాటి పాఠాన్నే వదిలేస్తున్నాం.

వదిలేస్తే నష్టం మార్కులతో పోదు. తెలియని మాటను ఎవరైనా తమకు కావాల్సినట్టు వాడుకుంటారు. ఇప్పుడు క్వాంటం లాకెట్లు, క్వాంటం వైద్యాలు, క్వాంటం నీళ్లు అని అమ్మేవాళ్లున్నారు. మనిషి మనసులో అనుకుంటే లోకం మారిపోతుందని క్వాంటం సైన్సు చెప్పిందని వీడియోల్లో ప్రవచిస్తారు. క్వాంటం శాస్త్రంలో పరిశీలన అంటే పరికరంతో కొలవడం. చూసేవాడి మనసుకు, భక్తికి, జాతకానికి అందులో చోటు లేదు. జ్వరమొస్తే ఊళ్లో తాయెత్తు కట్టించుకునే రోజుల నుంచి చదువు పేరుతో బయటికొచ్చిన మనం, అదే తాయెత్తును క్వాంటం పేరుతో కొంటే మన చదువెందుకు?

"ఇదంతా పెద్దోళ్ల పిల్లలు, ఇంగ్లీషు మీడియం వాళ్లు చదివేది" అనే మాట కూడా వింటుంటాం. ఈ మాటకు జవాబుగా ఇద్దరి సంగతి చెబుతాం.

మొదటివారు మన తెలుగువారు, సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదులో నిజాం కాలేజీలో చదివారు. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఫలితం కనుగొన్న ఏడాది అదే. కాంతి గింజకు శక్తితోపాటు బొంగరం తిరుగుడును పోలిన స్పిన్ అనే గుణం ఉంటుందని సిద్ధాంతం చెబుతోంది. ప్రయోగంతో చూపడం ఎలా? అణువుల మీద పడి చెదిరిన కాంతిని కొలిచి, దానికి రుజువు దొరికిందని రామన్, భగవంతం కలిసి 1931లో భారత భౌతికశాస్త్ర పత్రికలో పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటికి భగవంతం వయసు సుమారు 22 ఏళ్లు. మాకిప్పుడు 23. తర్వాత ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. టి. వెంకటరాయుడుతో కలిసి గ్రూపు సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు ఎలా వాడాలో 1948లో పుస్తకం రాశారు. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. క్వాంటం శాస్త్రం జర్మనీ, ఇంగ్లండులలో ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే ఒక తెలుగు యువకుడు దానికి తన వంతు చేర్చాడన్నమాట. ఈ పేరు మన పాఠంలో ఎందుకు చెప్పుకోం?

రెండోవారు మేఘనాథ్ సాహా. 1893లో ఢాకా దగ్గరి పల్లెలో చిన్న దుకాణదారు ఇంట పుట్టారు. కలకత్తాలో చదువుకునేటప్పుడు హాస్టల్‌లో తోటి విద్యార్థులు కులం చూసి ఆయనతో కలిసి భోజనానికి కూర్చోలేదని జీవితచరిత్రలు చెబుతాయి. హాస్టల్ బంతి అంటే ఏమిటో తెలిసిన మనకు ఆ అవమానం వేరే చెప్పనక్కరలేదు. ఆయన 1920లో రాసిన అయనీకరణ సమీకరణంతో నక్షత్రాల కాంతిని చూసి వాటి వేడిమి చెప్పడం సాధ్యమైంది. పరమాణువులోంచి ఎలక్ట్రాను విడిపోవడం గురించిన క్వాంటం అవగాహనే దానికి ఆధారం. ఇంకో సంగతి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంత వ్యాసాలు జర్మను భాషలో ఉంటే, సాహా తన సహాధ్యాయి సత్యేంద్రనాథ్ బోసుతో కలిసి వాటిని ఇంగ్లీషులోకి అనువదించి 1920లో పుస్తకంగా వేశారు. ఆ బోసే 1924లో కాంతి గింజలను లెక్కపెట్టే కొత్త పద్ధతి చెప్పి, ఐన్‌స్టీన్ చేత మెప్పు పొందారు. భాష రాదని వాళ్లు పాఠం చాయిస్‌లో వదిలేయలేదు. పాఠాన్నే తమకు తెలిసిన భాషలోకి తెచ్చుకున్నారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాల పుణ్యాన మనకు ఆ శ్రమ కూడా సగం తప్పింది.

"అన్నా, ఇవన్నీ చదివితే నౌకరి వస్తదా?" అని అడిగే తమ్ముళ్లకు అబద్ధం చెప్పం. ఈ ఒక్క పాఠం చదివితే కానిస్టేబులు ఉద్యోగం రాదు, గ్రూప్స్ రాదు. కానీ దారులు ఎటు పోతున్నాయో చూడండి. కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. ఈ శాస్త్రం రూపుదిద్దుకుని వందేళ్లయినందుకు ఐక్యరాజ్యసమితి 2025ను క్వాంటం సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని ప్రకటనలు వచ్చాయి. రేపు ఆ చోట్ల ఉద్యోగాలు పుట్టినప్పుడు, వాటిలో హాస్టల్ పిల్లలు గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబడాలా, లోపల ప్రయోగశాలలో కూర్చోవాలా అన్నది, ఇవాళ మనం ఏ పాఠం వదిలేస్తున్నామన్న దాని మీద కొంతైనా ఆధారపడి ఉంటుంది. కొంతైనా అని ఎందుకంటున్నామంటే, రిజర్వేషను, ఫీజు, మంచి టీచరు, ప్రయోగశాల అన్నీ కావాలి. వాటికోసం అడగాల్సిందే, కొట్లాడాల్సిందే. అయితే సీటు దొరికిన రోజున కూర్చోవడానికి మనం సిద్ధంగా లేకపోతే ఆ కొట్లాట ఫలం ఇంకొకరికి పోతుంది.

మాటలతో ఆపకుండా ఒక ప్రతిపాదన చేస్తున్నాం. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం జరుపుతాం. వచ్చేసారి ఉపన్యాసాల పోటీతో పాటు రెండు ప్రయోగాలు మన హాస్టల్‌లోనే చేద్దాం.

మొదటిది, కాంతి అల అని చూపేది. అంగట్లో దొరికే ఎర్ర లేజరు పాయింటరు ముందు ఒక వెంట్రుకను అడ్డంగా అంటించి, చీకటి గదిలో మూడు మీటర్ల దూరంలోని గోడ మీదికి వేయాలి. ఒక్క నీడ పడాల్సిన చోట వెలుగు చీకట్ల చారలు వరుసగా కనిపిస్తాయి. వెంట్రుక మందాన్ని బట్టి చారల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. ఆ ఎడం కొలిచి వెంట్రుక మందం లెక్కగట్టవచ్చు. లేజరును ఎవరి కంట్లోకీ కొట్టకూడదు, మీరూ దానిలోకి చూడకూడదు.

రెండోది, కాంతి గింజ అని చూపేది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల చిన్న ఎల్‌ఈడీలు, మూడు టార్చి సెల్లులు, ఒక వెయ్యి ఓముల రెజిస్టరు, తిప్పితే వోల్టేజి మారే నాబు, ఒక మల్టీమీటరు ఉంటే చాలు. రిపేరు షాపుల్లో తక్కువ ఖర్చుకే దొరుకుతాయి. గోడ కరెంటు జోలికి పోవద్దు, సెల్లులే వాడాలి. చీకట్లో నాబు మెల్లగా తిప్పుతూ ఎల్‌ఈడీ అప్పుడే వెలిగే చోట ఆపి, దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజి చూడాలి. ఎరుపు సుమారు 1.7 వోల్టుల దగ్గర వెలిగితే నీలానికి సుమారు 2.5 కావాలి. గోడ ఎత్తు లెక్క ఇక్కడ కళ్ల ముందు కనిపిస్తుంది. ఆ వోల్టేజిని ఎలక్ట్రాను ఆవేశంతో, ఆ రంగు తరంగదైర్ఘ్యంతో గుణించి, కాంతి వేగంతో భాగించండి. 33 సున్నాల తర్వాత ఆరుకు కొంచెం అటూ ఇటూగా ఒక అంకె వస్తుంది. అది ప్లాంక్ స్థిరాంకం. మహదేవపూర్ హాస్టల్ గదిలో, మన చేతులతో కొలిచింది.

ఈ సామానుకయ్యే ఖర్చు పూర్వ విద్యార్థులం భరిస్తాం. తోటి అన్నలు కూడా తలా ఒక చెయ్యి వేస్తే మన హాస్టల్‌లో ఒక చిన్న సైన్సు పెట్టె ఎప్పటికీ ఉంటుంది. ప్రయోగం చేసేటప్పుడు పక్కన నిలబడడానికి మేము వస్తాం. పదో తరగతి తమ్ముళ్లు చెయ్యాలి, ఇంటర్ తమ్ముళ్లు వాళ్లకు వివరించాలి. వివరించడానికైనా ఆ పాఠం తెరుస్తారు గదా!

మన అమ్మానాయినలకు బడిలో చాయిస్ ఇచ్చినవాళ్లు లేరు. పశువుల వెంట పోవాలి, లేదా కూలికి పోవాలి. వాళ్లకు దొరకని పుస్తకం మన చేతికి వచ్చింది. అందులో ఒక్క పాఠమైనా మనంతట మనమే మనకు కాదని పక్కన పెట్టొద్దని, పరీక్షలు అయిపోయిన మర్నాడైనా ఆ పేజీలు తెరవమని తమ్ముళ్లను కోరుతూ ముగిస్తున్నాం.